గచ్చు పట్టీల గుత్త

మొన్న పింఛను కాగితాల పని మీద పోయి మా పాత శాఖ దఫ్తరులో బెంచీ మీద కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు పడుచు ఇంజనీర్లు వంతెనల తనిఖీని కంట్రాక్టుకు ఇవ్వడానికి షరతులు రాస్తున్నారు. "కంట్రాక్టరు తప్పించుకోలేని షరతు ఒకటి పెట్టాలె" అన్నాడు అందులో ఒకాయన. నాకు నవ్వొచ్చింది, నవ్వు వెనకాలే దగ్గొచ్చింది, అటెండరు పరుగెత్తి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అలాంటి షరతు రాసిన మొనగాణ్ణి నేనున్నాను, నా కథ వినండి బాబూ అందామనుకున్నాను. వాళ్లకు తీరిక లేదు. నాకేమో తీరిక తప్ప ఇంకేం లేదు. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను.

నిజాం ప్రభుత్వం చివరి రోజులు. నల్గొండ జిల్లాలో ఒక తాలూకా పట్నంలో నేను సబ్ ఓవర్సీరుని. ఊరి పేరు చెప్పను, అక్కడ మా మేనత్త వాళ్లు ఇంకా ఉన్నారు. ఊరి చివర వాగు మీద నాలుగు కమాన్ల రాతి వంతెన ఉండేది. దాని మీద పోయే బండ్ల దగ్గర పట్నం కమిటీ వాళ్లు చుంగీ వసూలు చేసేవాళ్లు. ఆ సొమ్ములోంచే వంతెన మంచిచెడ్డలు చూడాలని ఏర్పాటు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి, ఎవరో ఒకరు కిందికి దిగి కమాన్లు చూసి రిజిస్టరులో రాయాలి. దాంతోపాటు చుట్టుపక్కల బాటల మీది చిన్న వంతెనలూ ఉండేవి.

ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే చిక్కు. అప్పటికి పల్లెల్లో సర్కారుకు ఎదురు తిరిగిన సంఘం వాళ్లు, బాటల మీద రజాకార్లు. చేతిలో సర్కారీ కాగితం ఉంటే సంఘం వాళ్లు ఆపేవారు, కాగితం లేకపోతే రజాకార్లు ఆపేవారు. మా దఫ్తరులో తాపీ పని, మట్టి పని చేసే బేల్దార్లు ఒక్కొక్కరే జ్వరమని ఇళ్లకు పోయి తిరిగి రాలేదు. అంతమందికి ఒకేసారి అంత పొడుగు జ్వరం నేను మళ్లీ చూడలేదు. చివరికి మా పెద్ద అధికారి మోతమీం సాబు, ఇప్పటి లెక్కలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, తనిఖీని కూడా గుత్తకిచ్చెయ్యండని హుకుం పంపాడు. షరతులు రాసే పని నా నెత్తిన పడింది.

ఇక్కడ మీకు ఒక్క సంగతి చెప్పాలి. కమానులో పగులుంటే, ఆ పగులు నిద్రపోతున్నదో మేలుకొని ఉన్నదో తెలియడానికి దాని మీద అడ్డంగా పలుచటి గచ్చు పట్టీ ఒకటి వేస్తాం. పట్టీ మీద తారీఖు గీస్తాం. పగులు వెంట్రుకవాసి కదిలినా పట్టీ పుటుక్కుమంటుంది. పట్టీ బాగుంటే వంతెన బాగున్నట్టు. అంతే, ఇందులో బ్రహ్మవిద్య లేదు.

నేను రాత్రింబవళ్లు ఆలోచించి షరతు కనిపెట్టాను. తనిఖీనాడు పగలకుండా కనిపించిన ప్రతి పట్టీకీ గుత్తేదారుకు ఇంత అని ముట్టజెప్పాలి, పగిలిన పట్టీకి పైసా లేదు; చూపించేది అతను, చూసి సంతకం పెట్టేది నేను. డబ్బుల మీద ఆశకొద్దీ గుత్తేదారు వంతెనను కంటికి రెప్పలా చూసుకుంటాడని నా లెక్క. మోతమీం సాబు ఆ కాగితం చదివి "దిమాగున్న పిల్లగాడు" అన్నాడట. ఆ మాట నా చెవిన పడ్డాక నెల రోజులు నేను నేల మీద నడవలేదు.

గుత్త పుచ్చుకున్నవాడు ఊళ్లో షావుకారు. నిలువెత్తు మనిషి, రూమీ టోపీ పెట్టుకుంటే తలుపు దగ్గర వంగాలి. మోసగాడని మాత్రం అనను. ఇచ్చిన మాట ప్రకారం పని చేసేవాడు, అదే కొంప ముంచింది. మొదటి తనిఖీకి నన్ను తన దమ్నీ బండిలో కూర్చోబెట్టుకుని వాగు దాకా తీసుకుపోయాడు. వాగులో బురద, నా కాళ్లకు కొత్త బూట్లు. బాట మీది నుంచే వంగి చూశాను. నాలుగు కమాన్ల కిందా పట్టీలు తెల్లగా మల్లెపువ్వుల్లా మెరుస్తున్నాయి.

"జూసిండ్రా ఓవర్సీర్ సాబ్, ఒక్కటన్న పలిగిందా?" అన్నాడు షావుకారు.

ఒక్కటీ పగల్లేదు. దఫ్తరుకొచ్చి చెప్పాను. మా మున్షీ సాబు రిజిస్టరు తెరిచాడు. ఆయన ముసలాయన, ఐదు పూటల నమాజీ, ఉర్దూ రాస్తే అక్షరాలు ముత్యాలు పేర్చినట్టుండేవి. కలం సిరాలో ముంచి, "బేటా, నువ్వు కిందికి దిగి చూసినవా?" అని అడిగాడు. చూశానన్నాను. ఆయన నా బూట్ల వైపు ఒక్కసారి చూసి, 'పట్టీలన్నీ సలామత్' అని రాశాడు. నేను సంతకం పెట్టాను.

రెండేళ్లు అలాగే గడిచింది. నాలుగు తనిఖీలు, నాలుగుసార్లూ అన్నీ సలామత్. గాలికి, వానకు, ఎండకు నిలబడి రెండేళ్ల కిందటి గచ్చు నిన్న వేసినట్టు తెల్లగా ఎందుకుందని నాకు అనుమానం రావాలి. రాలేదు. నా షరతు మహిమ అనుకున్నాను.

అంతలో పోలీసు చర్య జరిగింది. నిజాం లొంగిపోయాడు. ఊళ్లో ఒక్క పూటలో టోపీలు మారిపోయాయి. షావుకారు రూమీ టోపీ ఎటు పోయిందో, నెత్తిన తెల్ల ఖద్దరు టోపీ వచ్చింది. మున్షీ సాబు మాత్రం మూడు రోజులు గడప దాటలేదు. ఆ రోజుల్లో ఆయన లాంటి వాళ్లకు చాలా ఊళ్లలో ఏం జరిగిందో నాకు తెలుసు, ఇక్కడ రాయలేను. మా దఫ్తరు వాళ్లం మాట్లాడుకుని ఆయన గల్లీలో వంతులవారీగా కూర్చున్నాం. జ్వరమని పోయిన బేల్దార్లు కూడా వచ్చి కూర్చున్నారు, దానికి వాళ్లను మెచ్చుకోవాలి.

నాలుగో రోజు పొద్దున మిలిటరీ కప్తాను ఒకాయన జీపులో దిగాడు. పంజాబీ సర్దారు. వెనకాల ట్రక్కులొస్తున్నాయి, నిండా మనుషులూ సామానూ. అంతకుముందే ఎక్కడో ఒక వంతెన దగ్గర దెబ్బ తిన్నారట, అందుకని ప్రతి ఊళ్లోనూ వంతెన కాగితాలు అడుగుతున్నాడు. ఆయన మాట్లాడింది హిందుస్తానీ, నేను తెలుగులో రాస్తున్నాను.

"నీ వంతెన నా ట్రక్కుల్ని మోస్తుందా?"

నేను రిజిస్టరు కోసం మున్షీ సాబును పిలిపించాను. ఆయన రిజిస్టరు గుండెకు హత్తుకుని, గోడవారగా నడిచి వచ్చాడు. కప్తాను రిజిస్టరు తిప్పి చూసి, "ఈ దస్తూరీ ఎవరిది?" అన్నాడు. మున్షీ సాబు చేతులు కట్టుకున్నాడు. "నాదే హుజూర్."

"మా నాన్న కూడా ఉర్దూ ఇలాగే రాసేవాడు" అన్నాడు కప్తాను. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మున్షీ సాబు కూర్చున్నాడు కానీ, చాలాసేపటి దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

కప్తాను రిజిస్టరంతా చదివాడు. ఇంత చక్కగా ఉంచిన వంతెనను తను హైదరాబాదు రాజ్యంలో చూడలేదన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ట్రక్కులు మధ్యాహ్నానికి దాటొచ్చునని వైర్‌లెస్‌లో చెప్పాడు. ఊరు ఊరంతా వంతెన దగ్గరికి కదిలింది. నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని పోయాను.

వంతెన దగ్గర షావుకారు పూలదండలతో హాజరు. పిట్టగోడలకు సున్నం కొట్టిస్తున్నాడు. ఆ పని చేస్తున్న వడ్డెర కూలీల్లో ఒక ముసలామె చేత గచ్చు తట్ట, తాపీ పట్టుకుని వాగులోకి దిగబోతున్నది.

"ఎటు పోతున్నవే?" అన్నాను. అప్పట్లో అలాగే పిలిచేవాళ్లం, సిగ్గులేని కాలం.

"పట్టీ ఎయ్యనీకి దొరా. మూడో కమానుది మల్ల పలిగింది."

"మల్ల అంటే?"

"గీ వానకాలంల ఇది నాలుగోసారి. ఎనిమిది దినాలు గూడ నిలుస్తలేదు. ముందటేడు రెండు నెలలన్న నిలుస్తుండె."

నాకు అర్థం కాలేదు. అర్థమయిందనుకోండి, కానీ కాళ్లదాకా దిగలేదు. "దాని మీద గీసిన తారీఖు?" అన్నాను.

"అట్లనే గీస్త దొరా. పాత పెంకు ముందటేసుకొని, ముగ్గు జూసి ముగ్గేసినట్టు. నాకు అచ్చరాలు రావు గని, ఒక్క గీత తప్పు పోనియ్య."

ఇంతలో షావుకారు నవ్వుకుంటూ వచ్చాడు. "మీరు ఫికర్ జెయ్యకుండ్రి ఓవర్సీర్ సాబ్. జర సేపట్ల కొత్తది ఏపిస్త. రెండేండ్ల సంది ఒక్క పట్టీ పలిగిందని మీతోని రాయనిచ్చిన్నా నేను? షరతంటే షరతే."

ఆ మనిషి ముఖంలో ఇసుమంత దొంగతనం లేదు. పగలని పట్టీలకు డబ్బిస్తామన్నాం, పగలని పట్టీలు చూపించాడు. ఆ షరతుకు అంతకన్నా నమ్మకంగా పని చేసే మనిషి దొరకడు. "ఇన్నిసార్లు పలిగితే నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను ముసలామెతో.

"మీరు పలగనియి అడిగిండ్రు. పలిగినియి ఎవలడిగిండ్రు?"

బాట మీద మొదటి ట్రక్కు మోత వినబడింది. వంతెనకు ఇవతలి ఒడ్డున ఆగి, కప్తాను చెయ్యి ఊపడం కోసం చూస్తున్నది. వెనక తొట్టిలో ఇరవై ముప్పై మంది సిపాయిలు, గడ్డాలూ మీసాలూ, ఊరివాళ్లు విసిరిన పూలు పట్టుకుంటూ నవ్వుతున్నారు. నేను ఎప్పుడూ పరుగెత్తనివాణ్ణి పరుగెత్తాను. ట్రక్కు ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాను.

ఆ రోజుల్లో మిలిటరీ బండికి అడ్డం నిలబడటమంటే ఏమిటో మీకు తెలియదు. ఒక సిపాయి దిగి నా ఇస్త్రీ చొక్కా కాలరు పట్టుకున్నాడు, ఇంకొకడు తుపాకీ ఎత్తాడు. ఊరి పోలీసు అమీను కప్తాను చెవిలో "సంఘం మనిషి సర్" అని ఊదాడు. గుంపులోంచి ఇంకెవరో "గిసుంటోళ్లే రజాకార్లకు సాయం జేసింది" అని అరిచారు. ఒకరినొకరు చంపుకుంటున్న రెండు పక్షాలకూ నేను ఒకే నిమిషంలో మనిషినయ్యాను.

కప్తాను దగ్గరికొచ్చాడు. "ఏమిటి సంగతి?"

"మూడో కమాను పనికిరాదు సాబ్. పోనియ్యకండి."

"పొద్దున పనికొస్తుందన్నావు."

"రిజిస్టరు చూసి అన్నాను."

ఆయన మీసం దువ్వుకున్నాడు. "వంతెన చెడ్డదయితే నువ్వు రెండేళ్లు అబద్ధం రాశావు, జైలు. వంతెన మంచిదయితే ఇప్పుడు ఫౌజును ఆపుతున్నావు, అదీ జైలే. ఏది కావాలి?"

నాకు పెళ్లయి ఏడాది. ఇంట్లో ఆరుగురికి నా జీతమొక్కటే ఆధారం. రిజిస్టరు నిజమనేసి పక్కకు జరిగితే ట్రక్కులు దాటినా దాటవచ్చు. ఎన్నో బండ్లు దాటలేదా? ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ వచ్చింది. తొట్టిలోంచి ఒక సిపాయి, ఏమయిందో తెలియక, నా మీదికి ఒక బంతిపువ్వు విసిరి నవ్వాడు.

"రిజిస్టరు అబద్ధం సాబ్" అన్నాను. "సంతకం నాది. షరతు కూడా నాదే."

"రాత నాది హుజూర్" అని వెనక నుంచి వినబడింది. మున్షీ సాబు. మూడు రోజులు గడప దాటని మనిషి, అన్ని తుపాకుల మధ్యలోకి నడిచొచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఈ పిల్లగాని బూట్లకు బురద లేదని నేను ఆ దినమే చూసిన. చూసి కూడా రాసిన."

కప్తాను తలపట్టుకున్నాడు. "మీరిద్దరూ అబద్ధాలకోర్లమంటున్నారు. అబద్ధాలకోర్లమన్న మాటొక్కటీ నిజమని ఎట్లా నమ్మను?"

జవాబు ముసలామె చెప్పింది. ఆయన అడిగింది ఆమెకు అర్థం కాలేదు, మేమేదో తేల్చుకోలేకపోతున్నామని మాత్రం అర్థమయింది. "మాకు ఇంతకుముందు పగటిపూట గా మూడో కమాను కిందనే నీడ దొరుకుతుండె దొరా. గాడ కూసోని బువ్వ తినుడు మేం బంద్ జేసి ఏడాదాయె. ఎండల్నే కూసుంటున్నం."

మున్షీ సాబు ఆ మాట హిందుస్తానీలో చెప్పాడు. కప్తాను ముసలామె వైపు చూశాడు, కమాను వైపు చూశాడు. తర్వాత ట్రక్కు లోంచి అందరినీ దించమన్నాడు.

కమానుకు అవతలి పక్క ఇంకో పగులు మీది పట్టీ ఆ రోజుకి పగలకుండా ఉంది. కప్తాను, నేను, మున్షీ సాబు, షావుకారు, ముసలామె వాగులోకి దిగి, కమాను కిందికి పోకుండా పక్కగా మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డాం. నా బూట్లు మొదటిసారి ఉద్యోగం చేశాయి. ఖాళీ ట్రక్కును డ్రైవరు ఒక్కడే, మనిషి నడక కన్నా మెల్లగా తీసుకొచ్చాడు. అందరి కళ్లూ జానెడు గచ్చు మీద. మొదటి కమాను దాటింది. రెండోది సగం దాటింది. ట్రక్కు ఇంకా మూడోదాని మీదికి రానే లేదు, పట్టీ టప్పున రెండు ముక్కలై నీళ్లలో పడింది. దాని వెనకాల పైనుంచి గుప్పెడు రాళ్లపొడి రాలింది.

కప్తాను చెయ్యెత్తి బండిని వెనక్కి పొమ్మన్నాడు. అంతలో షావుకారు, రెండేళ్ల అలవాటు చొప్పున, గొంతెత్తి అరిచాడు.

"ఏమే, జల్ది గచ్చు తే! సాబు జూస్తుండు!"

మొదట నవ్వింది కప్తానే. నీళ్లలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. షావుకారు ఎందుకో తెలియకుండా తానూ నవ్వాడు.

ట్రక్కులు వాగులోకి దిగి, ఊళ్లోని ఎడ్లూ మనుషులూ కలిసి లాగితే, పొద్దుగూకేదాకా ఒక్కొక్కటే దాటాయి. మూడో కమాను ఆ నెల చివర్లో ఒక మామూలు వానకు కూలింది. అప్పుడు దాని మీద ఎవరూ లేరు. కింద కూడా ఎవరూ లేరు, అది మీకు తెలుసు.

కొన్నాళ్లకు ఒకే టపాలో నాకు రెండు కాగితాలొచ్చాయి. ఒకటి కప్తాను రాసింది, ప్రాణాలకు తెగించి ఫౌజును కాపాడాడని మెచ్చుకోలు. రెండోది కొత్త సర్కారుది, అబద్ధపు సంతకాలకు సస్పెన్షన్. రెండూ న్యాయమే కాబట్టి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మా ఆవిడ మొదటిది దేవుడి పటం కింద పెట్టింది, రెండోది పొయ్యిలో పెట్టబోతే ఆపాను. మున్షీ సాబును ఎవరూ ఏమీ అనలేదు. షావుకారుకు కూలిన కమాను కట్టే గుత్త దొరికింది, బాగానే కట్టాడు. ముసలామెకు ఏ కాగితమూ రాలేదు. అంతమంది ప్రాణాలు నిలబెట్టిన మనిషి పేరు నేనైనా ఆ రోజు అడిగి ఉండవలసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆరు నెలలకు ఉద్యోగం తిరిగిచ్చి పాలమూరు జిల్లాలో వేశారు. బుద్ధొచ్చిందనుకుంటున్నారా? అక్కడా తనిఖీ గుత్త షరతులు రాయమన్నారు. ఈసారి తిరగేసి రాశాను, పగిలినట్టు చూపించిన ప్రతి పట్టీకీ డబ్బు. మొదటి తనిఖీలో జిల్లాలో ఒక్క పట్టీ మిగల్లేదు. సగం వాటి మీద సుత్తి దెబ్బలు కనబడుతూనే ఉన్నాయి. పాపం ఆ గుత్తేదారు కూడా నమ్మకస్తుడే.

ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని మొదటి వంతెన దగ్గరికి నేనే నడిచి పోయాను. పగటిపూట. కూలీలు సద్ది ముల్లెలు విప్పుతున్నారు. నేనూ నా టిఫిన్ డబ్బా తీసుకుని వాగులోకి దిగి, పెద్ద కమాను నడిమధ్య కింద ఒక రాయి మీద కూర్చున్నాను. "మీరూ రండి, ఈడనే తిందాం" అని పిలిచాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కరూ కదల్లేదు. చివరికి ఒక పెద్దమనిషి, దూరంగా ఎండలోనే నిలబడి, మెల్లగా అన్నాడు.

"సాబ్, మీరు కొత్తగొచ్చిండ్రు గద. జర ఇటొచ్చి కూసోండ్రి."

నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది. తలెత్తి పైకి చూశాను. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లకు ఒక వంతెనను నేను నిజంగా చూడటం అదే మొదటిసారి.